పొన్నచెట్టు కింది నీళ్ళు

పొన్నకాయల కోసం అంత దూరం వెళ్ళవలసిన పని ఇదివరకు ఉండేది కాదు. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల ఏ ఒడ్డుకు వెళ్ళినా నాలుగు చెట్లు కనిపించేవి. నవంబరు వచ్చేసరికి ఇసుక మీద గోలీల్లా కాయలు పరుచుకుని ఉండేవి. ఇప్పుడు కొన్నిచోట్ల గోడలు కట్టేశారు. మిగిలినచోట్ల, పొన్న నూనెకు గిరాకీ పెరిగాక, తెల్లారకముందే ఎవరో ఒకరు ఊడ్చుకుపోతున్నారు. పద్మిని రెండు వారాలు తిరిగి అరబస్తా కూడా పోగుచేయలేకపోయింది.

పద్మినికి ముప్పై ఒకటి. పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్ళోనే, డిగ్నాబాద్‌లో. చదువు హిందీలో సాగింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. పెళ్ళయ్యాక అక్కడే మరో పేట, డైరీ ఫార్మ్‌కు వచ్చింది. భర్త చక్రి దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేస్తాడు. నెలలో సగం రోజులు నీళ్ళ మీదే ఉంటాడు. ఇంటి వెనక రేకుల పాకలో పద్మిని పొన్న నూనెతో సబ్బులు చేస్తుంది. కొత్త సంవత్సరానికి మూడు వందల సబ్బులు ఇస్తానని ఒక రిసార్టు వాళ్ళకు మాటిచ్చింది.

ఆ పని నేర్పింది అత్తగారు దేముడమ్మ. ఆమె సిక్కోలు ఒడ్డున పడవలు కట్టే ఇంట్లో పుట్టింది. పొన్నచెట్టు ఆమెకు ఇంటి మనిషి లాంటిది. తెరచాప కొయ్యకు పొన్న మాను తెచ్చేవారట. బల్లల సందుల్లోకి నీళ్ళు రాకుండా పొన్న నూనెలో గుగ్గిలం కాచి పూసేవారట. దీపంలో పోస్తే పొగ ఎక్కువ గానీ గాలికి తొందరగా ఆరదట. కాయలు పగలగొట్టి, పప్పు పచ్చగా ఉన్నప్పుడు తొందరపడకుండా, నెల్లాళ్ళు ఎండబెట్టి బెల్లం రంగు వచ్చాక ఆడించాలని పద్మినికి చెప్పింది ఆవిడే. అరవై దాటినా నడుం వంగలేదు. రొంటిన ఎప్పుడూ చుట్టలు, అగ్గిపెట్టె ఉంటాయి. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తుంటే డైరీ ఫార్మ్ పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు.

"దక్షిణంగా ఎల్తే ఒక ఏరుంది. దాని అవతల పొన్నలున్నాయి. మా గోవిందుకి తెలుసు. ఆడు డింగీలో దించీస్తాడు" అంది దేముడమ్మ ఒక సాయంత్రం.

గోవిందు ఆమె తమ్ముడు. డింగీ అనే చిన్న ఇంజను పడవలో చేపల వేటే అతని బతుకు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి, ఆటు బాగా తీసిన వేళ, ఇద్దరినీ ఆ ఒడ్డున దించాడు.

"అప్పా, రెండింటికల్లా వచ్చేస్తాను. పోటు ముదరకముందే ఎల్లిపోవాల" అన్నాడు. "అమ్మీ, ఇక్కడ ఫోను పని చెయ్యదు. దూరం పోకండి."

డింగీ మొన చుట్టూ తిరిగి కనిపించకుండా పోయింది. ఇంజను చప్పుడు కూడా ఆగిపోయింది.

వాళ్ళు ఒడ్డు వెంట నడిచి ఏటి దగ్గరికి వచ్చారు. రెండు పక్కలా మడ అడవి, మధ్యలో చీలమండ లోతు నీళ్ళు. అవతల పొడుగ్గా ఒక ఇసుక దిబ్బ. దాని చివర పెద్ద పొన్నచెట్టు సముద్రం మీదికి సగం ఒరిగి ఉంది. ఇంత దూరం నుంచే దాని కింద కాయలు కుప్పలు కుప్పలుగా కనిపిస్తున్నాయి.

ఏటి ముందు ఒక ఇనుప స్తంభానికి పసుపు బోర్డు వేలాడుతోంది. రంగు పెచ్చులూడింది. బొమ్మ ఉండాల్సిన చోట తుప్పు తప్ప ఏమీ లేదు. కింద హిందీలో, ఇంగ్లీషులో అక్షరాలు మిగిలాయి.

"ఏటి రాసుందే?" అంది దేముడమ్మ.

పద్మిని చదివింది. ఈ నీళ్ళలో మొసళ్ళున్నాయి, దిగవద్దు అని ఉంది. బోర్డు పాతది. ఎన్నేళ్ళ కిందట పెట్టారో. ఏట్లో నీళ్ళు చీలమండకు కూడా సరిగ్గా రావడం లేదు. గోవిందు మావయ్య వెళ్ళిపోయాడు, ఎలాగూ రెండింటి దాకా ఇక్కడే ఉండాలి. అవతల కాయలు కళ్ళముందే ఉన్నాయి.

"ప్లాస్టిక్ పడెయ్యకూడదంట అత్తా" అంది.

"ఓస్, అంతేనా" అని దేముడమ్మ చీర ఎగదోపుకుని ఏట్లోకి దిగింది.

పద్మిని వెనకాలే దిగింది. ఆ పది అడుగులూ ఆమె ఊపిరి బిగబట్టే నడిచింది. నీళ్ళు వెచ్చగా, బురదగా ఉన్నాయి. అవతల గట్టెక్కాక వెనక్కి తిరిగి చూసింది. ఏమీ లేదు. తన భయానికి తానే నవ్వుకోబోయింది, నవ్వు రాలేదు.

చెట్టు కింద వాసన కమ్మగా ఉంది. ఒక పక్క కాయలు రాలుతుంటే మరో కొమ్మన ఇంకా తెల్లని పూత ఉంది. పాత కాయలు గోధుమరంగుకు తిరిగి, ముడతలుపడి ఉన్నాయి. చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజ కదులుతోంది. దేముడమ్మ గోనెసంచి మూతిని కొంగుతో నడుముకు ముడేసుకుని, రెండు చేతులా ఎత్తి పోసుకుంటూ, మధ్యలో తన తండ్రి కట్టిన పడవల సంగతులు చెబుతోంది. పద్మిని ఊ కొడుతోంది గానీ చెవులు నీళ్ళ మీదే ఉన్నాయి.

గంట గడిచాక, చెట్టుకు అవతలి వైపు కాయలేరుతూ పద్మిని ఆ జాడ చూసింది. మడ చెట్ల మధ్య నుంచి నీళ్ళ దాకా బురద మీద ఒక వెడల్పాటి చార. ఎవరో డింగీని ఈడ్చుకెళ్ళినట్టు నున్నగా ఉంది. దానికి రెండు పక్కలా గోళ్ళ గుర్తులు. బురద ఇంకా తడిగా మెరుస్తోంది.

ఆమె చేతిలో కాయలు జారిపోయాయి. పరుగెత్తుకుంటూ ఇవతలికి వచ్చింది.

"అత్తా, బస్. చాలు. పోదాం పద."

"అదేటే? సంచి నిండనేదు కదా."

"చాలంటున్నానా! ఎండ ఎక్కువైంది. జల్దీ రా."

"నీకు ఎండైతే నీడలో కూకో. ఇంత దూరమొచ్చి సగం సంచి అట్టుకెల్తే నవ్వరేటి?"

ఇప్పుడైనా చెప్పాలి. బోర్డు మీద ఏం రాసుందో, తాను ఏం చూసిందో చెప్పాలి. కానీ చెబితే ఆ అబద్ధం కూడా ఒప్పుకోవాలి. ఆ సిగ్గుతో ఆమె మరో పది నిమిషాలు పోగొట్టుకుంది. అప్పటికే మొదలైన పోటు ఆ పది నిమిషాల్లో ఇంకా ఎక్కింది. తాము దాటి వచ్చిన ఏట్లో నీళ్ళు అప్పటికే మోకాలి లోతుకు వచ్చి ఉంటాయని ఆమెకు తట్టనే లేదు.

దేముడమ్మ నీటి అంచుకు వెళ్ళింది. అలలు తెచ్చిన కాయలు అక్కడ బారుగా తేలుతున్నాయి. వంగి, అరచేతితో దగ్గరకు తోసుకుంటోంది. ఆమెకు నాలుగు బారల దూరంలో ఒక దుంగ తేలుతూ కనిపించింది. పద్మిని దాన్ని చూసి, చూపు తిప్పుకుని, మళ్ళీ చూసింది. మొదట ఉన్నచోట అది లేదు. దగ్గరకు వచ్చింది. అల లేదు, గాలి ఎదురుగా ఉంది, అయినా దగ్గరకు వచ్చింది.

"అత్తా! అత్తా, పైకి రా! మగర్! మొసలి!"

దేముడమ్మ తలెత్తింది. నీళ్ళు పగిలినట్టు పెద్ద చప్పుడైంది. బూడిదరంగు మూతి, లోపల పచ్చని నోరు, అంతే పద్మినికి కనిపించింది. దేముడమ్మ వెనక్కి పడింది. మొసలి నోటికి దొరికింది ఆమె కాదు, నడుముకు వేలాడుతున్న గోనెసంచి. దాన్ని పట్టుకుని నీళ్ళలోకి లాగింది. సంచితోపాటు మనిషీ ఇసుక మీద ఈడ్చుకుపోతోంది.

పద్మిని ఎప్పుడు పరుగెత్తిందో ఆమెకే తెలియదు. అత్తగారి రెండు చంకల కిందా చేతులు వేసి వెనక్కి తన్నిపట్టింది. పాదాలు ఇసుకలో కూరుకుపోతున్నాయి. దేముడమ్మ అరవడం లేదు. రెండు చేతులతో నడుము దగ్గర ముడిని పీకుతోంది. ముడి బిగుసుకుపోయింది. మొసలి ఒక్కసారి తల విదిలించింది. కొంగు బర్రున చిరిగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. సంచి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. విడిపోయిన కాయలు నురగలో గిరగిర తిరిగాయి.

"చెట్టెక్కు! చెట్టెక్కు అత్తా!"

ఒరిగిన మాను కాబట్టి ఎక్కగలిగారు. ఇసుక మీదనుంచి వాలుగా లేచి, నీళ్ళ మీదుగా సాగి, చివర్లో పైకి వంపు తిరిగిన మాను అది. పద్మిని అత్తగారిని ముందు తోస్తూ, తను వెనక నాలుగు కాళ్ళ మీద పాకుతూ వెళ్ళింది. రెండు పెద్ద కొమ్మలు చీలిన చోట దేముడమ్మ ఆగిపోయింది. "ఇంక నా వల్ల కాదే" అంది. అప్పుడు చూసింది పద్మిని, ఆమె ఎడమ పిక్క తెరుచుకుని ఉంది. పన్ను గీసుకుపోయింది. నెత్తురు మడమ దాకా కారి అక్కణ్ణుంచి బొట్లుబొట్లుగా నీళ్ళలో పడుతోంది.

పద్మిని చున్నీ చింపింది. పొన్నాకు మందంగా, వెడల్పుగా ఉంటుంది. నాలుగు ఆకులు తెంపబోతే దేముడమ్మ ఆపింది. "ఆకు వద్దు. తుంపితే పాలొస్తాయి, పుండుకి మంట. వట్టి గుడ్డే కట్టు. గట్టిగా లాగు. ఇంకా గట్టిగా." ముడి రెండుసార్లు జారింది. మూడోసారి బిగిసింది. గుడ్డ ఎర్రబడింది గానీ బొట్లు పడడం తగ్గింది.

కింద మొసలి మళ్ళీ పైకి వచ్చింది. కళ్ళు, ముక్కు, వీపు మీది గరుకు బొడిపెలు కనిపిస్తున్నాయి. డింగీలో సగం పొడవుంది. తొందరేమీ లేనట్టు, మాను నీడలో కదలకుండా ఆగింది.

అప్పటికి పదకొండున్నర. గోవిందు రావాల్సింది రెండింటికి.

పద్మిని ఫోను కమీజు జేబులోంచి తీసింది. నీటి అంచున పడ్డప్పుడు తడిసి చచ్చిపోయింది. చెట్టు దిగినా ఒడ్డుకు పోలేరు. దిబ్బ రెండు పక్కలా నీళ్ళు పెరుగుతున్నాయి. మాను మొదట్లో ఇసుక ఇంకా కనిపిస్తోంది గానీ అది ఏ వైపుకూ దారి కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ ఇసుక కూడా మునిగిపోయింది.

పోటు నీళ్ళు పెరగడం రోజూ చూసే సంగతే. ఇంతవరకూ పద్మిని దాన్ని లెక్కపెట్టి చూడలేదు. ఇప్పుడు మాను మీద ఒక ముడి ఉంది, నీళ్ళు దాన్ని తాకాయి. కాసేపటికి దాన్ని కప్పేశాయి. దాని పైన ఒక పగులు ఉంది, అదీ తడిసింది. వాళ్ళు కూర్చున్న చోటికీ నీళ్ళకూ మొదట మనిషిన్నర ఎత్తు ఉండేది. ఇప్పుడు మనిషెత్తు లేదు. మొసలి నీళ్ళలోంచి పైకి ఎగరగలదని చక్రి ఓడలో విన్న కథలు చెప్పేవాడు. ఎంత ఎత్తు ఎగురుతుందో చెప్పినట్టు గుర్తులేదు.

ఆ ఆలోచన వచ్చాక ఆమె ఇంక దాచుకోలేకపోయింది.

"అత్తా, ఆ బోర్డు మీద ప్లాస్టిక్ గురించి లేదు."

దేముడమ్మ కళ్ళు మూసుకుని ఉంది. తెరవలేదు.

"మొసళ్ళున్నాయి దిగొద్దని ఉంది. నేను చదివాను. చదివి అబద్ధం చెప్పాను. బురదలో దాని జాడ కూడా చూశాను. అప్పుడైనా చెప్పలేదు."

కింద నీళ్ళు మానుకు కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. తిట్టినా బాగుండును, చెంప మీద కొట్టినా బాగుండును అనిపించింది పద్మినికి.

"సెప్పుంటే నాను ఒచ్చీదాన్నా?" అంది దేముడమ్మ చివరికి.

"వచ్చేదానివి కాదు."

"అందుకే సెప్పనేదు."

"అవును."

దేముడమ్మ కళ్ళు తెరిచి కోడలి మొహం వైపు చూసింది. ఆ చూపులో ఏముందో పద్మినికి తెలియలేదు. తెలుసుకునే ధైర్యమూ లేదు.

"సరే. ఇప్పుడా మాట కాదు. నీల్లు సూడు" అంది ముసలామె.

సరిగ్గా అప్పుడే కింద నీళ్ళు ఉబికాయి. మొసలి సగం ఒళ్ళు పైకి లేపి మానును ఢీకొంది. మూతి వాళ్ళ కాళ్ళకు మూరెడు కిందదాకా వచ్చి, దవడలు తలుపు మూసినట్టు పడ్డాయి. చెట్టంతా అదిరింది. రెండు కాయలు రాలి నీళ్ళలో పడ్డాయి. పద్మిని అరిచిన అరుపు ఆమెకే కొత్తగా వినిపించింది. తర్వాత ఏం చేయాలో చేతులకే తెలిసినట్టుంది. పై కొమ్మకు ఎగబాకి, కాళ్ళు రెండూ దానికి పెనవేసి, వంగి అత్తగారి మణికట్లు పట్టుకుంది. దేముడమ్మ మంచి కాలితో మాను తన్నింది. ఒకసారి జారింది. రెండోసారి పై కొమ్మ మీదికి పొట్టతో బోర్లా పడింది. ఇద్దరూ అలాగే ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు ఊపిరి పీల్చుకున్నారు. ఎవరి గుండె కొట్టుకుంటోందో తెలియనంత దగ్గరగా ఉన్నారు.

రెండు దాటింది. గోవిందు రాలేదు. మూడు దాటింది. నవంబరులో అక్కడ అయిదింటికే పొద్దు కుంకుతుంది. పద్మిని పొద్దు వైపు చూడడం మానేసింది.

మూడున్నరకు ఇంజను చప్పుడు వినిపించింది. మొన చుట్టూ నీలం డింగీ తిరిగింది. పద్మినికి ఏడుపు తన్నుకొచ్చింది. "మావయ్యా!" అని కేక పెట్టబోయి, ఒక్కసారిగా ఆగిపోయింది.

గోవిందు ఎప్పుడూ ఒడ్డుదాకా ఇంజను వేయడు. పగడపు రాళ్ళకు పంకా తగులుతుందని దూరంగానే ఆపి, నడుం లోతు నీళ్ళలోకి దూకి, డింగీని భుజంతో తోసుకుంటూ వస్తాడు. పొద్దున్న అలాగే వచ్చాడు. ఇప్పుడూ అలాగే దూకుతాడు.

దేముడమ్మకు కూడా అదే తోచింది. "ఓలమ్మో, ఆడు దూకీస్తాడే" అంది. ఇంతసేపూ నిబ్బరంగా ఉన్న మనిషి గొంతు మొదటిసారి చీలిపోయింది. "గోవిందూ! ఒరే గోవిందూ!"

ఇంజను మోతకు అతనికి వినిపించదు. గాలి కూడా సముద్రం మీదనుంచి ఇటే వీస్తోంది. గుబురుగా ఉన్న ఆకుల మధ్య వాళ్ళు అతనికి కనిపించరు కూడా.

"గుడ్డ ఊపు" అంది దేముడమ్మ. "మా ఊల్లో కెరటం లెగిసినప్పుడు మా అమ్మ ఒడ్డున నిలబడి గుడ్డని తల మీద అడ్డంగా తిప్పీది. అది సూసి మా అయ్య పడవ బయటే ఆపీసీవోడు. గోవిందుకి తెలుస్తాది. సిన్నప్పుడు ఆడూ పడవలో ఉండీవోడు." మాట్లాడుతూనే చిరిగి మిగిలిన చీర విప్పసాగింది. లోపలి లంగాతో, రవికతో కొమ్మను కరుచుకుని ఉండిపోయింది. "కొమ్మ సివరికెల్లు. ఆకుల్లోంచి బయటికెల్లు."

కొమ్మ చివర సరిగ్గా నీళ్ళ మీద ఉంది. దాని కిందే మొసలి ఉంది.

పద్మిని చీర మెడలో వేసుకుని పాకింది. సన్నబడేకొద్దీ కొమ్మ కిందికి వంగుతోంది. కిందికి చూడకూడదనుకుంటూనే చూస్తోంది. ఆ కళ్ళు ఆమెతోపాటే కదులుతున్నాయి. అడ్డొచ్చిన రెమ్మలు రెండు చేతులా విరిచింది. తెల్లని పాలు చిమ్మి కుడికంట్లో పడ్డాయి. నిప్పు పెట్టినట్టు మండింది. ఆ కన్ను మూసేసి, ఒంటికంటితోనే ముందుకు పాకి, ఆకులు పలచబడ్డ చోట కొమ్మకు తొడలు బిగించి నిటారుగా లేచింది.

గోవిందు ఇంజను ఆపాడు. లేచి నిలబడి ఒక కాలు డింగీ అంచు మీదుగా బయటికి వేశాడు.

పద్మిని చీర తిప్పింది. తల మీదుగా అడ్డంగా, ఈ పక్కనుంచి ఆ పక్కకు, భుజాలు ఊడిపోయేలా తిప్పింది. కింద కొమ్మ ఊగుతోంది. "నహీ! ఉతర్నా నహీ! దిగొద్దు మావయ్యా! దిగొద్దు!" అని ఏ భాషలో అరుస్తోందో తెలియకుండా అరిచింది.

అతని పాదం నీళ్ళకు జానెడు దూరంలో ఆగింది. అతను తలెత్తి, ఆ గుడ్డ వైపు ఒక క్షణం చూశాడు. తర్వాత కాలు గబుక్కున లోపలికి లాక్కున్నాడు.

పద్మిని కిందికి చూసింది. మొసలి లేదు.

కనిపిస్తున్నంతసేపు అది ఎక్కడుందో తెలిసేది. ఇప్పుడు నీళ్ళన్నీ అదే అయ్యాయి. డింగీ కింద ఉందో, తన కాళ్ళ కింద ఉందో. "మొసలి! నీళ్ళలో ఉంది! ఇంజన్ చాలూ కరో!" అని అరుస్తూనే ఉంది. ఇంజను ఆగి ఉంది కాబట్టి ఈసారి మాట అతనికి అందింది.

గోవిందు తాడు లాగాడు. మొదటిసారి ఇంజను పట్టుకోలేదు. రెండోసారీ పట్టుకోలేదు. మూడోసారి పెద్ద మోతతో లేచింది. నిండు పోటు కాబట్టి రాళ్ళ మీద నీళ్ళు ఉన్నాయి. పంకా విరిగితే విరిగిందని అతను నేరుగా చెట్టు కిందికి పోనిచ్చాడు. ఒక చేత్తో ఇంజను పట్టుకుని, రెండో చేత్తో తెడ్డుతో ఖాళీ డీజిల్ డబ్బాను దబదబా బాదాడు.

"ముందు అప్పని దించు!"

పద్మిని వెనక్కి పాకి, చీరను అత్తగారి చంకల కింద చుట్టి, కొమ్మకు ఒక మెలిక వేసి వదిలింది. గోవిందు ఆమెను నడుం పట్టి డింగీలోకి లాక్కున్నాడు. తర్వాత పద్మిని. ఆమెను దించేవాళ్ళు ఎవరూ లేరు. కొమ్మకు చేతులతో వేలాడింది. డింగీ అలకు పక్కకు జరిగింది. రెండు లెక్కపెట్టేంతసేపు ఆమె కాళ్ళు ఒట్టి నీళ్ళ మీద వేలాడాయి. ఆ రెండు క్షణాలు తర్వాత చాలా కాలం ఆమె నిద్రలోకి వచ్చాయి. డింగీ మళ్ళీ కిందికి వచ్చింది. ఆమె చేతులు వదిలేసింది. వలల మీద పడింది. అదే సమయంలో డింగీ అడుగున ఏదో ధన్ మని తగిలింది. గోవిందు ఇంజను పూర్తి వేగానికి తిప్పాడు.

బయటి సముద్రంలోకి వచ్చేశారు. పద్మిని మంచినీళ్ళతో కన్ను కడుక్కుంటోంది. దేముడమ్మ రొంటిన తడుముకుంది. అగ్గిపెట్టె తడిసిపోయింది. వెలగని చుట్టనే నోట్లో పెట్టుకుని కూర్చుంది.

"వల రాళ్ళకి తగులుకుంది అప్పా. అందుకే ఆలీసం" అన్నాడు గోవిందు. "గుడ్డ సూసి అమ్మే అనుకున్నాను. అమ్మ పోయి ఇరవయ్యేళ్ళయింది కదా, ఇక్కడికెలగొచ్చింది అనుకున్నాను."

ఆసుపత్రిలో పిక్కకు పద్దెనిమిది కుట్లు పడ్డాయి. రెండు రోజులు జ్వరం కాసింది. మొసలి నోరు తగిలిన గాయం చెడిపోతుందేమోనని డాక్టరు పదేపదే వచ్చి చూశారు. ఆ రెండు రోజులూ పద్మిని మంచం పక్కనుంచి కదల్లేదు. జ్వరం పెరిగినప్పుడల్లా తాను చేసిన పనికి శిక్ష ఇప్పుడు పడుతుంది కాబోలనుకుంది. మూడోరోజు తెల్లారేసరికి ఒళ్ళు చల్లబడింది. దేముడమ్మ కళ్ళు తెరిచి చుట్ట అడిగింది. నర్సు కోప్పడింది. పద్మిని వరండాలోకి వెళ్ళి గోడకు ఆనుకుని ఏడ్చింది.

నాలుగోరోజు దేముడమ్మను ఇంటికి పంపించేశారు. అయిదోరోజు చక్రి ఓడ వచ్చింది. పద్మిని ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళింది. ఓడకూ జెట్టీకీ మధ్య నల్లగా ఆడుతున్న నీళ్ళ వైపు చూడలేక టికెట్ల కౌంటరు గోడ వైపు తిరిగి నిలబడింది. గోవిందు ఫోనులో సంగతి కొంత చెప్పే ఉన్నాడు. చక్రి దిగి "అమ్మ ఎలా ఉంది?" అన్నాడు. బాగుందని చెప్పి, అక్కడే, సామాన్లు మోసేవాళ్ళ తోపులాట మధ్యే, ఆమె మొత్తం చెప్పేసింది. బోర్డు సంగతీ చెప్పింది. ఆసుపత్రి మంచం దగ్గర దేముడమ్మ అందరికీ "తెలీక దిగినాం" అనే చెప్పింది. ఆ మాట విన్నకొద్దీ పద్మినికి ఊపిరాడలేదు.

చక్రి సంచి కింద పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత సంచి ఎత్తుకుని ముందు నడిచాడు. ఇంటికి వెళ్ళాక తల్లి కాలు చూశాడు. అన్నం సగం తిని లేచిపోయాడు.

అతను బయటికి వెళ్ళాక దేముడమ్మ కోడల్ని దగ్గరికి పిలిచింది.

"ఆడికి నీకెవులు సెప్పమన్నారే?"

"దాచలేకపోయాను అత్తా."

"ఆడు రోజూ నీల్ల మీద తిరిగీ మనిషి. ఇంట్లో భయం మూటగట్టి పంపిస్తావేటి? సెప్పాల్సింది నాకు. నాకు సెట్టు మీదే సెప్పినావు. అక్కడికి ఐపోయింది." కాస్త ఆగి, "ఐపోయిందని నానంటే అయిపోదు. నాకూ ఇంకా కోపముంది. అది నాకూ నీకూ మద్దినుంటాది" అంది.

పద్మిని తల ఊపింది. ఆ మాటతో ఆమెకు భారం తగ్గలేదు గానీ ఎంత బరువు మోయాలో తెలిసినట్టయింది.

రిసార్టు వాళ్ళకు ఫోను చేసి సబ్బులు ఇవ్వలేనని చెప్పేసింది. చక్రి రెండు వారాలు ముభావంగానే ఉన్నాడు. ఆ తర్వాతి ప్రయాణంలో, అడక్కుండానే, హట్ బే రేవు నుంచి ఒక బస్తా పొన్నకాయలు తెచ్చి పాకలో దించాడు. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని వాటిని రాయి మీద పగలగొట్టారు. దేముడమ్మ కాలు చాపుకునే కూర్చుంటుంది. కుంటు అలాగే ఉండిపోతుందని డాక్టరు చెప్పారు.

అటవీ శాఖవాళ్ళు ఆ ఏటి దగ్గర కొత్త బోర్డు పెట్టారు. మాంసం కట్టి బోను కూడా దించారు. గోవిందు అటువైపు వెళ్ళినప్పుడల్లా దూరం నుంచి చూసి వస్తాడు. అతని చెప్పుల చప్పుడు గేటు దగ్గర వినగానే దేముడమ్మ చేతిలో రాయి ఆగుతుంది.

"దొరికిందేటిరా?"

"నేదప్పా. బోను ఖాళీగానే ఉంది."

దేముడమ్మ మళ్ళీ కాయ మీద రాయి దించుతుంది. పద్మిని లేచి, పాక వెనక నీళ్ళ డ్రమ్ము మీద మూత సరిగ్గా ఉందో లేదో చూసి వచ్చి కూర్చుంటుంది.